ఉన్న నీళ్లకు ఎంత నాటాలి?

(హన్మకొండలోని ఒక గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతీ యువకుల ముందు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. చివర సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, ఆయన చెప్పిన జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరుసంతా ఖాళీగానే ఉంది. మన దగ్గర ముందు వరుస నిండేది పెళ్లి బంతిలోనే. (నవ్వులు)

బ్యానర్ మీద ‘జీవితంలో ప్రాధాన్యతలు’ అని రాశారు. ఈ విషయం మీద ఇంతకుముందు కొన్ని ప్రసంగాలు విన్నాను. ఆరోగ్యం ముఖ్యం, కుటుంబం ముఖ్యం, చదువు ముఖ్యం, సమాజ సేవ ముఖ్యం, మనశ్శాంతి అన్నిటికంటే ముఖ్యం అని చెప్తారు. అన్నీ మొదటి స్థానంలోనే ఉంటాయి. అయిదో స్థానంలో ఏముందో ఎవరూ చెప్పరు. నాకేమో ఆ చివరిదేదో, దాన్ని ఎప్పుడు వదిలేశారో తెలుసుకోవాలని ఉంటుంది. ఇవాళ ఆ వదిలేసేదాని గురించే మాట్లాడతాను.

నేను చెరువుల మనిషిని. సర్వీసంతా ఓరుగల్లు చుట్టూ ఉన్న చెరువులు, కాలువల మీదే గడిచింది. అందుకని నాకు తెలిసిన దారిలోనే వస్తాను, ఓపిక పట్టండి.

రామప్ప, పాకాల, లక్నవరం, ఘనపురం పేర్లు మీకు కొత్త కాదు. పాకాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దం మొదట్లో, గణపతిదేవుడి కాలంలో కట్టినవి. ఇవాళ్టికీ వాటి కింద వరి పండుతోంది. మనం ఆ కట్టలు చూసి ఆశ్చర్యపోతాం, ఫొటోలు దిగుతాం. నాకు మాత్రం కట్ట కంటే ఆ నీళ్లను ఊరు ఎలా పంచుకునేదన్నదే ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే ఏ చెరువైనా, నిండు కుండలా ఉన్నా సరే, కింద ఉన్న ఆయకట్టు మొత్తానికి రెండు పంటలకూ సరిపోవడం అరుదు. వానాకాలం పంటకు పైనుంచి వాన తోడుంటుంది. యాసంగికి, అంటే రబీ పంటకు, ఆ తోడు ఉండదు. కార్తీకం దాటిందంటే చెరువులో ఎంతుందో అంతే. పైనుంచి వచ్చేది ఏమీ లేదు, ఎండకు ఆవిరై పోయేది మాత్రం ఉంటుంది.

అందుకే మన పల్లెల్లో తైబందీ అని ఒక ఏర్పాటు ఉండేది. ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. నలుగురు... అయిదుగురు. పర్లేదు, ఒక్కరు కూడా ఉండరనుకున్నాను.

యాసంగి నారు పోయకముందు ఊరి పెద్దలు, పట్వారీ, నీరటి, రైతులు కూర్చునేవాళ్లు. నీరటి అంటే తూము తెరిచి మూసే మనిషి. తూము రాయి మీద నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అతను చూసి చెప్తాడు. ఆ నీళ్లకు ఎన్ని ఎకరాలు చివరిదాకా పారుతాయో లెక్క కట్టేవాళ్లు. చివరిదాకా అన్నది ఇక్కడ గమనించాలి. నాట్లకు సరిపోతే చాలదు, గింజ గట్టిపడేదాకా సరిపోవాలి. ఆ లెక్క ప్రకారం ఈసారి ఇంత భాగమే నాటాలని తీర్మానం. పద్ధతి ఊరూరికీ కొంచెం వేరు. కొన్నిచోట్ల ప్రతి రైతూ తన భూమిలో ఇన్ని గుంటలే నాటాలనేవాళ్లు. కొన్నిచోట్ల తూముకు దగ్గరున్న భాగానికే నీళ్లు, మిగతాది బీడు. తర్వాతి కాలంలో మా శాఖ కూడా యాసంగికి ముందు ఏ చెరువు కింద, ఏ కాలువ కింద ఎంత ఆయకట్టుకు నీళ్లిస్తామో ఖరారు చేసేది. కాగితం మారింది, పని అదే.

అందరూ చేతులు కలిపి నవ్వుకుంటూ ఒప్పుకునేవాళ్లని నేను చెప్పను. కొట్లాటలు అయ్యేవి. కులం బలం, పలుకుబడి అన్నీ పనిచేసేవి. రాత్రిపూట తూము దగ్గర కాపలా పెట్టాల్సి వచ్చేది. పాతకాలమంతా బంగారమని నేను అనను. కానీ ఆ కొట్లాట నారు పోయకముందు అయ్యేది. ఫలానావాళ్ల మడికి ఈ యాసంగి నీళ్లు లేవన్న మాట విత్తనం ఇంకా సంచిలో ఉండగానే వాళ్ల ముఖం మీద చెప్పేవాళ్లు. ఆ రైతు తిట్టుకుంటూ ఆ విత్తనం దాచుకునేవాడు, లేకపోతే నీళ్లు పారని చెలకలో ఇంకేదో వేసుకునేవాడు, కైకిలికి, అంటే కూలిపనికి, వెళ్లేవాడు. నష్టమే. కాకపోతే అది ఒక పంట నష్టం.

తైబందీ లేకపోతే ఏమవుతుందో చెప్తాను. పది ఎకరాలకు సరిపోయే నీళ్లున్నాయి. పదిహేను ఎకరాలు నాటారు. అయిదెకరాలు ఎండుతాయి, పదెకరాలు పండుతాయి అని లెక్కల్లో మార్కులు తెచ్చుకున్నవాళ్లు అంటారు. అలా జరగదు. నీళ్లు అన్ని మడులకూ తలా కొంచెం పోతాయి. డిసెంబరు, జనవరిలో పదిహేను ఎకరాలూ పచ్చగానే కనిపిస్తాయి. ఎవరికీ టెన్షన్ ఉండదు. మార్చి ఎండల్లో వరి పొట్టకొస్తుంది. నీళ్లు ఒక్కరోజు కూడా తప్పకూడని దశ అది. సరిగ్గా అప్పుడే చెరువు అడుగంటుతుంది. పదిహేను ఎకరాలూ ఎండుతాయి. విత్తనం, దున్నిన ఖర్చు, ఎరువు, నాటు కూలి అన్నీ పెట్టాక ఎండుతాయి. పశువులను వదిలేయడం తప్ప ఇక చేసేదేమీ ఉండదు. అలాంటి పొలం గట్టు మీద నిలబడ్డ రైతుకు నీళ్లెందుకు రావో వివరించే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగంలో బీపీ వచ్చింది. (నవ్వులు) నవ్వండి, నిజంగానే వచ్చింది.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీకు ఉన్న నీళ్లేవి? రోజులో కుదురుగా చదవగలిగే గంటలు. చేతిలో ఉన్న డబ్బు, లేదా ఇంటి నుంచి వచ్చే డబ్బు. ఒంట్లో సత్తువ. దీంతోపాటు ఒకటి ఉంది, మీరు సాధారణంగా లెక్కలో వేయరు: మీ అమ్మానాన్నలు పని చేయగలిగిన సంవత్సరాలు. అది కూడా మీ చెరువులోదే.

ఇక నాట్లు చూద్దాం. నేను లోపలికి వచ్చేముందు రీడింగ్ హాల్లో ఒకరిద్దరితో మాట్లాడాను. ఒకతను గ్రూప్-1 రాస్తాడు, గ్రూప్-2 రాస్తాడు, బీఈడీ ఉంది కాబట్టి డీఎస్సీ రాస్తాడు, ఎస్సై నోటిఫికేషన్ వస్తుందని పొద్దున పరుగెడుతున్నాడు, పక్కన దూరవిద్యలో పీజీ. అతన్ని తప్పు పట్టను. ఏ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చాక ఉంటుందో పోతుందో తెలియని రాష్ట్రంలో అన్ని మడుల్లోనూ కాస్త నారు వేసుకోవాలనిపించడం సహజం. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. సుమారు 4 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఒక్కో పోస్టుకు ఏడు వందల మంది. ఒక్క ప్రిలిమ్స్ చుట్టూ రెండేళ్లు గడిచిపోయాయి. అందులో అభ్యర్థుల తప్పు ఏముంది?

అదే 2024 జులై, ఆగస్టు నెలలు గుర్తు చేసుకోండి. జులై 18 నుంచి ఆగస్టు 5 దాకా డీఎస్సీ. ఆగస్టు 7, 8 తేదీల్లో గ్రూప్-2. రెండూ రాసేవాళ్లు వాయిదా వేయమని రోడ్డెక్కారు. చివరికి డీఎస్సీ అనుకున్న తేదీలకే జరిగింది, గ్రూప్-2 డిసెంబరుకు పోయింది. ఆ జులైలో ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు పొద్దున బోధనా పద్ధతులు, సాయంత్రం పాలిటీ చదివి ఉంటారు. వాయిదా వస్తుందా రాదా అని రాత్రంతా ఫోన్ చూసి ఉంటారు. అవునా? (సభలో కొందరు అవునన్నారు.) ఆ నెలలో మీ నీళ్లు ఎక్కువగా తాగింది డీఎస్సీ కాదు, గ్రూప్-2 కాదు. ఏది ముందో తేల్చుకోకపోవడమే తాగింది. వాయిదా రాకపోతే ఇదే నాది, అది వదిలేశానని జూన్‌లోనే అనుకున్నవాళ్లకు కనీసం నిద్ర మిగిలింది.

దరఖాస్తులు ఎన్నైనా పెట్టండి. ఫీజు కట్టడం వేరు, నాటు వేయడం వేరు. హాల్ టికెట్ ఉంది కదా అని పరీక్షకు వెళ్లి రావచ్చు, పోయేదేమీ లేదు. రోజులో మీ మంచి గంటలు, తెల్లవారి నాలుగైదు గంటలు ఉంటాయే, అవి మాత్రం ఒక్కదానికే పారాలి. ఇంకోదానికి ఈ యాసంగి నీళ్లు లేవని మీకు మీరే చెప్పుకోవాలి. అది కష్టం. ఎంచుకోవడంలో ఉత్సాహం ఉంటుంది, ఆ రోజు స్వీటు కూడా తినొచ్చు. ఎండబెట్టేదాని పేరు నోటితో చెప్పేటప్పుడే నాలుక తిరగదు.

ఎన్నాళ్లు అన్నది కూడా ముందే తేల్చాలి. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం యూనిఫాం లేని ఉద్యోగాలకు గరిష్ట వయసును 46 ఏళ్లకు పెంచింది. ఆలస్యమైన నోటిఫికేషన్ల వల్ల నష్టపోయినవాళ్లకు అది న్యాయమే. కానీ ప్రభుత్వం పెట్టిన గడువును మీ గడువు అనుకోవద్దు. ఇంట్లోవాళ్లు, ఒళ్లు, జేబు కలిసి పెట్టే గడువు ఒకటుంటుంది. అది ఏ గెజిట్‌లోనూ రాదు. ఫలానా ఏడాది ఫలానా నెల దాకా అని రాసి పెట్టుకోండి. ఆ తేదీ వచ్చినప్పుడు పరీక్ష దగ్గర్లో ఉంటే మరో మూడు నెలలు జరుపుకోండి, నేనేమీ కాపలా ఉండను. అసలు తేదీ లేకుండా మాత్రం ఉండొద్దు.

ఇప్పటిదాకా నీ గంటలు, నీ గడువు అని మాట్లాడాను. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మనం ఏదైనా ఎంచుకున్నప్పుడు దాని ఖరీదు మనమే కడుతున్నామనుకుంటాం. చాలాసార్లు కట్టేది ఇంకొకరు.

మన వైపు కాకతీయ కాలువలో వచ్చే నీళ్లు శ్రీరాంసాగర్‌వి. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టు వల్ల ఉత్తర తెలంగాణలో ఎన్ని లక్షల ఎకరాలకు నీళ్లందాయో మేం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ గోదావరి ఒడ్డున అటు నిజామాబాద్ వైపు, ఇటు ఆదిలాబాద్ వైపు ఊళ్లు మునిగాయి. ఇళ్లు, పొలాలు, గుళ్లు నీళ్ల కిందికి పోయాయి. మా పొలానికి వచ్చే నీళ్ల కింద ఒకరి ఊరు ఉంది. చెరువుదీ అదే కథ. కట్ట కింద ఆయకట్టు పచ్చగా ఉంటుంది, కట్టకు ఎగువన శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, మునుగుతుంది. శిఖంలో భూమి పోయినవాడు, ఆయకట్టులో పంట తీసేవాడు ఒక్కరే కానక్కర్లేదు. ప్రాజెక్టు కట్టొద్దని నేను అనడం లేదు, నా జీవితమంతా వాటి మీదే బతికాను. ఎవరిది మునిగిందో తెలిసి కట్టాలి, వాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఇచ్చింది సరిపోలేదన్న మాట మిడ్ మానేరు ప్రాజెక్టు నిర్వాసితుల దాకా వింటూనే ఉన్నాం.

ఇళ్లల్లోనూ ఇంతే. కాళోజీ గారి సంగతి ఈ ఊళ్లో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నిజాం కాలంలో జైలుకు వెళ్లారు, ఊరి నుంచి బహిష్కరించారు, తర్వాత కూడా ఎవరికీ తలవంచలేదు. ‘లా’ చదివారు కానీ సంపాదన మీద దృష్టి పెట్టలేదు. మరి ఇల్లెలా గడిచింది? అన్న రామేశ్వరరావు గారు. ఆయన వకీలు, షాద్ అన్న పేరుతో ఉర్దూలో కవిత్వం రాసినవారు. ఇంటి బరువంతా ఆయనే మోశారు. తమ్ముడు కాళోజీ కాగలిగింది అన్న సంపాదన మీద. కాళోజీ ఈ సంగతి ఎప్పుడూ దాచలేదు, అన్న రుణం ఎంతదో జీవితమంతా చెప్పుకున్నారు. నాకు ఆయన ధిక్కారం ఎంత నచ్చుతుందో ఈ ఒప్పుకోలూ అంతే నచ్చుతుంది. జయశంకర్ సారుది ఇంకో దారి. అక్కంపేట నుంచి వచ్చి, కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ దాకా వెళ్లి, తెలంగాణ కోసమే బతికారు. పెళ్లి చేసుకోలేదు. ఆ ఖరీదులో పెద్ద భాగం తనే కట్టుకున్నారు. మనలో ఎక్కువమందికి అన్నో, అక్కో, అమ్మో కడుతుంటారు. మనకు వాళ్ల పేరు చెప్పడం కూడా గుర్తుండదు.

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారా? మీలో కొందరి నాన్నలు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటారు. ఇంటికి స్లాబు పడింది, అక్క పెళ్లయింది, మీ కోచింగ్ ఫీజు కట్టారు. ఆ ఇంట్లో పిల్లలు పెరగడం ఆయన ఫోన్‌లోనే చూశారు. ఆయన ఎంచుకున్నారా, ఎంచుకోక తప్పలేదా అంటే నేను చెప్పలేను. తప్పనిసరిగా చేసిన పనికి ఎంపిక అని పేరు పెట్టి ఉపన్యాసాలిచ్చేవాళ్లంటే నాకు చిరాకు. చేతిలో రెండు దారులున్నవాడికే ఈ మాటలన్నీ. ఒక్క దారే ఉన్నవాడికి కావాల్సింది ప్రసంగం కాదు, ఇంకో దారి.

ఆడపిల్లలకు ఒక మాట. ఇళ్లల్లో కూడా తైబందీ జరుగుతుంది. ఉన్న డబ్బులో ఎవరి చదువు ముందు, ఎవరి పెళ్లి ముందు అని తేలుస్తారు. చాలా ఇళ్లల్లో ఆ మాటలు జరిగేటప్పుడు అమ్మాయి వంటింట్లో ఉంటుంది. పిలవరు. నిర్ణయం అయ్యాక చెప్తారు. పాత తైబందీలో కూడా చిన్న రైతును వెనక నిలబెట్టేవాళ్లు, మాట పెద్దవాళ్లది, ఎండేది అతని మడి. పిలవకపోయినా వెళ్లి కూర్చోండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే మీ ఫీజు ఎంత, ఎన్ని నెలలు అన్న రెండు అంకెలు చెప్పండి. అంకె చెప్పిన మనిషిని పక్కన పెట్టడం కొంచెం కష్టం.

ఇంకో వైపు ప్రమాదం కూడా చెప్పాలి. లేకపోతే నేను అన్నీ వదిలి ఒక్కదాని మీదే పడమన్నానని వెళ్తారు. 1997-98 నాటి పత్తి గురించి మీ నాన్నలను అడగండి. పాత వరంగల్ జిల్లాలో ఊళ్లకు ఊళ్లు పత్తి మీద పడ్డాయి. విత్తనం, పురుగుమందు అన్నీ షాపులో అప్పు మీద తెచ్చినవే. ఆ ఏడాది పొగాకు లద్దె పురుగు వచ్చింది. కొట్టిన మందు పనిచేయలేదు, మళ్లీ కొట్టారు, మళ్లీ అప్పు. ఎంతోమంది రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. కొందరు ఆ మందే తాగారు. వాళ్లది తెలివితక్కువతనమని ఎవరైనా అంటే నేను లేచి వెళ్లిపోతాను. నీళ్లు లేని చెలకలో నాలుగు పైసలు కనిపించే పంట అదొక్కటే మరి. నేను చెప్పదలచింది ఇంతే: పత్తిలో కొన్ని సాళ్లకు ఒక సాలు కంది వేయమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్తారు. పత్తి పోతే ఆ కంది కుటుంబాన్ని గట్టెక్కించదు. కానీ ఇంట్లో పప్పుంటుంది. పరీక్ష మీద పడ్డవాళ్లు కూడా వారానికి రెండు ట్యూషన్లో, చేతిలో పనిచేసే ఒక నైపుణ్యమో ఉంచుకోండి. దానికి పోయే గంటలు వృథా కావు.

బోరు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఊళ్లల్లో తైబందీ ఎందుకు పోయిందంటే ఒక పెద్ద కారణం బోర్లు. ఎవరి బోరు వాళ్లకున్నాక చెరువు దగ్గర కూర్చుని కొట్లాడే అవసరం ఏముంది? 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ ఉచిత కరెంటు వచ్చింది. చాలామందికి ఊపిరి వచ్చింది, కాదనను. కానీ భూమి కింద ఉన్నదీ నీళ్లే, దానికీ ఒక లెక్క ఉంటుంది. నువ్వు రెండు వందల అడుగులు వేస్తే పక్కవాడు మూడు వందలు వేస్తాడు. వచ్చే ఏడాది నీళ్లు ఈ ఏడాదే తోడుతున్నాం అంతే. నెలకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన కోచింగ్ ఫీజు, యాప్‌లో తీసుకున్న లోను, రోజుకు నాలుగు గంటల నిద్రతో నడిపే చదువు, ఇవన్నీ బోర్లే. ఒక నెల రోజులకు, పరీక్ష ముందు అయితే, నేనూ వద్దనను. ఏళ్ల తరబడి అయితే అది నాటు కాదు, రేపటి నీళ్లు ఇవాళే తోడేయడం.

మన పోతన ఊరు బమ్మెర ఇక్కడికి ఎంతో దూరం కాదు. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వకుండా రాముడికిచ్చాడని మనం ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. ఇంకో సంగతి పెద్దగా చెప్పుకోం. మన చేతిలో ఉన్న ఆంధ్ర మహాభాగవతంలో అయిదో స్కంధం గంగన రాసింది, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు నారయ. దీనికి కథలు రకరకాలుగా ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్లను. అంత మహాకవి పేరుతో ఉన్న పుస్తకంలో కూడా నాలుగు స్కంధాలు వేరేవాళ్ల చేతి మీదుగా వచ్చాయి, ఆయన గొప్పతనం గుంట కూడా తగ్గలేదు. మన పిల్లలు ఒక్క సబ్జెక్టు వదలాలంటే ఏడుస్తారు.

నా సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. నాకు ప్రమోషన్ మీద దూరపు జిల్లాకు పోస్టింగ్ వచ్చింది. అప్పటికి మా అమ్మకు ఇక్కడ డయాలసిస్ నడుస్తోంది. వెళ్లలేదు, ప్రమోషన్ వదులుకుంటున్నానని రాసిచ్చాను. నాకంటే జూనియర్లు నాకు పై అధికారులయ్యారు. వాళ్లు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. మంచివాళ్లే, ఒకరిద్దరు మొహమాటపడేవాళ్లు. అమ్మ దగ్గర ఉన్నందుకు తృప్తి ఉంది. పెన్షన్ కాగితం చూసినప్పుడు ఆ తేడా అంకె కనిపించి చురుక్కుమంటుంది కూడా. సరైన పని చేసినవాడికి బాధ ఉండదని చెప్పేవాళ్లున్నారు. నాకైతే ఉంది. వదిలేసింది విలువైనదే కాబట్టి ఉంది. బాధ ఉన్నంత మాత్రాన నిర్ణయం తప్పేమో అని మీరు మళ్లీ మొదటికి వెళ్లకండి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకోండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ఒక అమ్మాయి: సార్, నేను చదువుకుంటూ కూర్చుంటే ఇంట్లో, బంధువుల్లో ఎవరికి ఏ పనున్నా నన్నే పిలుస్తారు. ఆధార్ అప్‌డేట్, హాస్పిటల్, బ్యాంకు. కాదంటే ఖాళీగా ఉండి కూడా రాదంటారు.

అది చాలామందికి ఉంది, బిడ్డా. చెరువు చూడ్డానికి వెళ్తే మేం కట్ట కంటే ముందు మత్తడి చూస్తాం. ఎక్కువైన నీళ్లు పోవడానికి దారి లేకపోతే ఎంత లావు కట్టైనా తెగుతుంది. నువ్వు కూడా వారంలో ఒక పూట ఆ పనులకు అని పెట్టెయ్. శనివారం మధ్యాహ్నం అనుకో. ఎవరడిగినా ‘శనివారం చేస్తా అత్తా’ అను. కాదనలేదు, పోట్లాడలేదు. శనివారం దాకా ఆగలేని పనులు సగం వాళ్లే చేసుకుంటారు. హాస్పిటల్‌కు మాత్రం శనివారం అనకు. (నవ్వులు)

ఒక యువకుడు: ఏది ముందో తేలకపోతే ఏం చేయాలి సార్? నాకు డీఎస్సీ, గ్రూప్-2 రెండూ సమానంగానే అనిపిస్తాయి.

నిజంగా సమానమైతే ఏదో ఒకటి పట్టుకో, బొమ్మా బొరుసా వేసుకున్నా తప్పు లేదు. రెండూ సమానమే కదా, ఏది వచ్చినా నష్టం లేదు. తేల్చుకోకుండా గడిపే ఆరు నెలలే నష్టం. అయితే బొరుసు పడ్డాక నీ మనసు ‘అయ్యో’ అంటే, నీకు సమానం కాదన్నమాట. అప్పుడు ఆ రెండోదాన్నే పట్టుకో.

ఇంకో యువకుడు: నేను గ్రూప్స్ ఆపేసి హైదరాబాద్‌లో ఏదైనా ప్రైవేటు ఉద్యోగంలో చేరదామనుకుంటున్నా సార్. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదు. అమ్మతో చెప్పించాలనుకుంటున్నా.

అమ్మతో చెప్పించకు. నాన్న కోపం ఆమె మీద పడుతుంది, ఇంతసేపూ మనం మాట్లాడుకున్నది అదే కదా. నువ్వే నాన్నకు చెప్పు. పండుగకు చుట్టాలందరూ ఉన్నప్పుడు వద్దు, ఆయన పొలం నుంచి వచ్చి అన్నం తిన్నాక చెప్పు. నాకు రాదు, నేను ఓడిపోయాను అని మొదలుపెట్టకు. ఏ నెలలో ఆపేస్తున్నావో, ఏ ఉద్యోగం చూస్తున్నావో చెప్పు. మొదటి నెల జీతం నుంచి ఇంటికి ఎంత పంపుతావో కూడా చెప్పు. నాన్నలు మిగతాదంతా మరిచిపోతారు, ఆ అంకె మాత్రం మరిచిపోరు. కాబట్టి కొంచెం తగ్గించే చెప్పు. (నవ్వులు)